వగరును చేదు అనకండి

మా మరిది షికాగో నుంచి వస్తూ పిల్లలకి చాక్లెట్లు, మా ఆయనకి బూట్లు, నాకు ఒక సీసా తెచ్చాడు. "వదినా, ఇది బీరే కానీ మీరనుకునే బీరు కాదు" అన్నాడు. గూస్ ఐలాండ్ అనే షికాగో బీరు కంపెనీ వాళ్ల బర్బన్ కౌంటీ స్టౌట్. స్టౌట్ అంటే నల్లగా వేయించిన బార్లీతో కాచే చిక్కటి బీరు, దీన్ని బర్బన్ అనే అమెరికా విస్కీ పెట్టిన ఓక్ చెక్క పీపాల్లో ఊరబెడతారు. అరలీటరు సీసా. ఆల్కహాలు సుమారు 14 శాతం. ఏటా థ్యాంక్స్‌గివింగ్ మర్నాడు విడుదల చేస్తే అక్కడి జనం తెల్లవారుజాము చలిలో వరస కడతారట. మనవాళ్లు కొత్త సినిమా మొదటి ఆటకి కట్టినట్టే.

సంక్రాంతి సంబరాల లెక్కలు తేల్చడానికి బెంగళూరు మారతహళ్లిలోని మా ఇంట్లో మా తెలుగు సంఘం కమిటీ కూర్చున్న రాత్రి ఆ సీసా తెరిచాం. ఎనిమిది మందిమి. తలా 60 మిల్లీలీటర్లు. "తీర్థం పోస్తున్నావా తల్లీ?" అని కోశాధికారి గారు వేళాకోళమాడారు. ఆ 60లో ఉన్న ఆల్కహాలు పెద్ద పెగ్గు విస్కీలో ఉండేదాంట్లో మూడోవంతే, నిజమే. అయినా అరగంట తర్వాత కూడా ఆయన గ్లాసులో సగం మిగిలే ఉంది. గబుక్కున తాగనివ్వదు అది.

చిక్కల్లా మా మరిది ప్రింటు తీసుకొచ్చిన కాగితంతో వచ్చింది. రంగు, వాసన, రుచి, నోటికి తగిలే తీరు, ఆఖరున మిగిలేది అంటూ ఇంగ్లీషులో గళ్లు. పక్కన సాయానికి ఒక మాటల జాబితా: అంజీర్, ప్లమ్, తోలు, పొగాకు, వనిల్లా, ఓక్. తోలు రుచి చూసినవాళ్లు మా ఎనిమిది మందిలో ఎవరూ లేరు. పావుగంటకి కాగితాలు వెనక్కి తీసుకుంటే "గుడ్", "స్ట్రాంగ్", "కాఫీ", "వెరీ స్ట్రాంగ్". రుచి గడిలో అయిదుగురు "బిట్టర్" అని రాశారు. ఇదే ఎనిమిది మంది, భోజనాల దగ్గర సాంబారు ఒక్క పొంగు ఎక్కువైందో తక్కువైందో చెప్పగలరు. ఆవకాయ నోట్లో పెట్టి ఆవపిండి పాతదని పట్టేయగలరు. కాగితం చేతికివ్వగానే అందరికీ నాలుక పడిపోయింది.

ఆ సమయానికి సంబరాలకి వంట చేసిన మాస్టారు మిగతా డబ్బుల కోసం వచ్చారు. తాపేశ్వరం వైపు మనిషి, బెంగళూరొచ్చి ఇరవై ఏళ్లు. మా మరిది ఆయనకీ ఒక గుక్క పోశాడు. మాస్టారు తాగలేదు, ముందు వాసన చూశారు. తర్వాత ఒక చుక్క నాలుక మీద వేసుకుని కాసేపు ఊరుకున్నారు. "కొబ్బరి లౌజండీ. కాకపోతే అడుగంటింది. బెల్లం ఉండ పాకం దాటాక ఇంకో నిమిషం పొయ్యి మీద వదిలేశారు" అన్నారు. ఇంకో చుక్క. "చివర్లో కొంచెం వగరు. కరక్కాయంత కాదు, పచ్చి అరటికాయ కోసిన చెయ్యి నాకినట్టు."

ఆయనకి ఓక్ పీపా సంగతి ఎవరూ చెప్పలేదు. కానీ మూడు మాటల్లో పీపా కథంతా చెప్పేశారు. అమెరికా చట్టం ప్రకారం బర్బన్‌ని లోపలి గోడ కాల్చిన కొత్త ఓక్ పీపాలోనే పెట్టాలి. ఒకసారి వాడిన పీపా మళ్లీ బర్బన్‌కి పనికిరాదు. అలా మిగిలిన 200 లీటర్ల పీపాలు స్కాట్లండ్ వెళ్తాయి, మన మైసూరు రోడ్డు మీది అమృత్ డిస్టిలరీకీ వస్తాయి, బీరు కాచేవాళ్ల దగ్గరికీ చేరతాయి. స్టౌట్‌ని అందులో నెలల తరబడి ఉంచుతారు. ఎండాకాలం ద్రవం చెక్కలోకి చొరబడుతుంది, చలికాలం వెనక్కి వస్తుంది. వస్తూ వస్తూ ఓక్‌లోని లాక్టోన్లని తెస్తుంది, కొబ్బరి వాసన వాటిదే. నిప్పు తగిలిన చెక్కలో మాడిన చక్కెరలు ఉంటాయి, అదే పాకం. టానిన్లు ఉంటాయి, అదే వగరు. (అమృత్ పీపాల్లోంచి మన ఊరి వేడికి ఏటా పదోవంతు పైగా ఆవిరైపోతుందట, స్కాట్లండ్‌లో అది రెండు శాతమే. మన వాతావరణంలో వయసు త్వరగా మీద పడుతుందని మా ఆయన అద్దం ముందు నిలబడి అనేది ఇందుకేనేమో.)

నా వాదన ఇదీ. ఆ అయిదుగురు "బిట్టర్" అని రాసింది చేదు కాదు, వగరు. చేదు నల్లగా వేయించిన బార్లీ నుంచి, బీరులో వేసే హాప్స్ పువ్వు నుంచి వస్తుంది, నాలుక మీద కూర్చుంటుంది. వగరు చెక్కది, చిగుళ్లని పట్టి లాగుతుంది, నోరు ఆరబెడుతుంది. ఈ రెంటినీ కలిపేయడం బీరు రుచి చూడడం నేర్చుకునేవాళ్లు తరచూ చేసే తప్పే. ఇంగ్లీషు కాగితంలో వగరుకి రుచుల గడిలో చోటే లేదు, నోటికి తగిలే తీరులో ఒక మూల పడేశారు. మనకి ఏటా ఉగాది నాడు పిందె మామిడికాయతో చేతిలో పెట్టి మరీ నేర్పించారు. ఆరు రుచుల్లో ఒకటిగా చిన్నప్పుడే అబ్బిన మాటని, చేతిలో ఇంగ్లీషు గళ్లున్నాయని మింగేసుకుంటామా?

వగరొక్కటే కాదు. ఆల్కహాలు ముక్కుపుటాలకి తగిలేది కారం కాదు, ఘాటు. గింజ దోరగా వేగితే ఒక వాసన, మాడితే ఇంకొకటి, కమిలి కమురుకొడితే మరొకటి. మంచి స్టౌట్ మొదటి రెంటి మధ్య నడుస్తుంది, మూడోదాంట్లోకి జారితే పారబోయాల్సిందే. చికోరీ కలిపిన చిక్కటి డికాషన్ రోజూ తాగే ఊళ్లో ఉంటూ "రోస్టీ" అన్న ఒక్క మాటతో సరిపెట్టుకోవడం నాకు ఒళ్లుమంట.

మా కమిటీలో ఇంట్లోనే బీరు కాచుకునే కుర్రాడు ఒకడున్నాడు. ఒప్పుకోలేదు. "అక్కా, అందరికీ ఒకే మాట ఉండాలి కదా. మీల్‌గార్డ్ అనే బీరు శాస్త్రవేత్త 1970ల్లో బీరు రుచులకి పేర్లు పెట్టి ఒక చక్రం తయారుచేసింది అందుకే. నేను పచ్చి అరటికాయ అంటే బెల్జియం వాడికి ఏం అర్థమవుతుంది?" బెల్జియం వాడికి ఉత్తరం రాసేటప్పుడు అలాగే రాయి నాయనా. మారతహళ్లిలో నా పక్కన కూర్చుని నాకు చెప్పేటప్పుడు అరటికాయే చెప్పు.

మన భాషలో తాగుడుకి మాటలు లేక కాదు, ఉన్నవన్నీ ఒకే వైపు ఒరిగాయి. ఎక్కింది, దిగింది, కిక్కు, చుక్క, మందు. ఎంత తలకెక్కిందో చెప్పేవే గానీ ఎలా ఉందో చెప్పేవి కావు. దానికి కారణం ఉంది, దాన్ని నేను తీసిపారేయను. మాది నెల్లూరు జిల్లా. 1992లో దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మూయించినప్పుడు నేను హైస్కూల్లో ఉన్నాను. 1993లో సారా నిషేధం, 1995లో మొత్తం మద్య నిషేధం, 1997లో సడలింపు, అన్నీ చూశాం. కూలి డబ్బులు ప్యాకెట్లకి పోతున్న ఇంట్లో రుచి గురించి మాట్లాడితే చెంప పగలగొడతారు, కొట్టాలి కూడా. ఈ వ్యాసం వద్దని ఒక సభ్యురాలు సంపాదకుడికి ఫోన్ చేశారని తెలిసింది. ఆవిడ మీద నాకు కోపం లేదు.

కానీ కల్లు గీసేవాళ్ల దగ్గరికి వెళ్లి చూడండి. మగ తాటిచెట్టు పోతుతాడు కల్లు వేరు, కాయ కాసే పండుతాడు కల్లు వేరు, తాటిది వేరు, ఈతది వేరు. పొద్దున దింపింది తీపి, సాయంత్రానికి పులుపు. అక్కడ నాలుకకి మాట ఉంది. అది పట్నంలో బారు గుమ్మం దగ్గర ఆగిపోయింది.

ఇంత బలమైన స్టౌట్‌ని ఇంపీరియల్ స్టౌట్ అంటారు. ఆ ఇంపీరియల్ అన్న మాట ఎక్కడిదని కోశాధికారి గారు అడిగారు. రష్యా రాజదర్బారుది. రష్యా రాణి కోసం ప్రత్యేకంగా కాచిన పోర్టర్ అనే లండన్ నల్ల బీరు తాగానని జోసెఫ్ ఫారింగ్టన్ అనే చిత్రకారుడు 1796లో డైరీలో రాసుకున్నాడు. ఆ బలమైన నల్ల బీరుకి ఆ పేరు అలా అంటుకుంది. మన దగ్గర మాత్రం బీరంటే 8 శాతం దాటకూడదని ఆహార భద్రత సంస్థ ప్రమాణం. పక్క అరలో విస్కీ 42.8 శాతంతో దర్జాగా నిలబడి ఉంటుంది. ఇందిరానగర్‌లో ఎంత మంచి స్టౌట్ కాచినా ఆ గీత కిందే కాచాలి, మేమేమో మరిది సూట్‌కేసు కోసం ఎదురుచూడాలి. దీనిలో తర్కం ఏమిటో నాకు అంతుపట్టలేదు.

ఇంకో సంగతి. సీసాని ఫ్రిజ్‌లోంచి తీయగానే పోసుకోకండి. మొదట పోసినప్పుడు మాకు తీపి, చేదు తప్ప ఏమీ తెలియలేదు. చల్లదనం వాసనల్ని కట్టిపడేస్తుంది. ఇరవై నిమిషాలు బల్ల మీద వదిలేశాకే కొబ్బరి పైకి వచ్చింది. మాస్టారు సరిగ్గా అప్పుడు రావడం మా అదృష్టం.

ఆయన డబ్బులు లెక్కపెట్టుకుని వెళ్లాక కాగితాన్ని తెలుగులో మళ్లీ రాద్దామని కూర్చున్నాం. రంగు, వాసన, ఆరు రుచులు, ఘాటు, చిక్కదనం వరకు చకచకా అయిపోయాయి. చివరి గడి దగ్గర ఆగాం. గుటక దిగాక నాలుక మీద ఉండిపోయేదాన్ని ఏమనాలి? అనంతపురం ఆయన "అంటు" అన్నారు. మైల వచ్చినట్టుందని అందరూ గోల. వరంగల్ అమ్మాయి "జాడ" అంది. నేను "వెంటరుచి" అన్నాను, అది పుస్తకాల మాటని మా మరిది కొట్టిపారేశాడు. మాస్టారికి ఫోన్ చేస్తే ఎత్తలేదు, ఆదివారం పెళ్లి వంటలో ఉన్నారట. పదకొండున్నరకి అందరూ లేచారు. ఆ గడి ఇంకా ఖాళీగానే ఉంది.