ఓనర్ ఓకే నొక్కితే సరిపోతుందా?
ఇంటర్నెట్‌కు, ఫోన్ యాప్‌కు కలిసి ఉండే కార్ల నుంచి యజమాని అనుమతితోనే కంపెనీలు లొకేషన్ తీసుకుంటాయి, కాబట్టి భయం అక్కర్లేదని ఒకరు రాశారు. నేను ఒప్పుకోను. షోరూంలో తాళాలు ఇచ్చే హడావిడిలో సేల్స్ అబ్బాయే మన ఫోన్ తీసుకుని అన్నిటికీ ఓకే నొక్కేస్తాడు. దాన్ని అనుమతి అంటారా? అమెరికాలో జనరల్ మోటార్స్ సంగతి చూడండి. డ్రైవింగ్ తీరును గమనించే ఆన్‌స్టార్ స్మార్ట్ డ్రైవర్ ఫీచర్ ద్వారా కారు ఎక్కడుందో కొన్నిసార్లు 3 సెకన్లకోసారి నమోదు చేశారని, సడన్ బ్రేకులు, రాత్రిపూట డ్రైవింగ్ వివరాలు కూడా అమ్ముకున్నారని వినియోగదారుల రక్షణ చూసే అక్కడి ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2025 జనవరిలో ఆరోపించింది. ఆ సమాచారం ఇన్సూరెన్స్ కంపెనీల దాకా వెళ్లింది. ఆ ఫీచర్‌లో చేరినట్టు చాలామంది ఓనర్లకే తెలియదు! ఇక సెకండ్ హ్యాండ్ కార్ల గురించి ఎవరూ మాట్లాడరు. మా తమ్ముడు కొన్న కారు చాలా రోజులు పాత ఓనర్ యాప్‌లోనే ఉండిపోయింది. బండి ఎక్కడ ఆగిందీ, ఎప్పుడు కదిలిందీ ఆయనకు కనిపిస్తూనే ఉంది. మంచాయన కాబట్టి తనే ఫోన్ చేసి చెప్పాడు. ఆర్‌సీలో పేరు మార్చేటప్పుడే ఈ యాప్ లింకు కూడా తీసేయించాలి. అమ్మిన డీలర్ మాత్రం ఆ మాటే ఎత్తలేదు.