ఎలక్ట్రోలైజర్‌కు కర్పూర హారతి

పటాన్‌చెరు, జీడిమెట్ల వైపు గ్రీన్ హైడ్రోజన్ ప్లాంటు, అంటే ఎండ, గాలి కరెంటుతో ఎలక్ట్రోలైజర్ అనే యంత్రంలో నీటిని విడగొట్టి హైడ్రోజన్ తీసే ప్లాంటు, పెట్టదలచిన వారికి ముందుగా కావలసినవి: పచ్చ పెయింటు నాలుగు డబ్బాలు, పచ్చ బెలూన్లు, పచ్చ రిబ్బను. పచ్చ కరెంటు సంగతి నిదానంగా చూసుకోవచ్చు.

కిలో హైడ్రోజన్‌కు సుమారు 55 యూనిట్ల కరెంటు కావాలి. షెడ్డు మీద 100 కిలోవాట్ల సోలార్ పరిస్తే మన హైదరాబాద్ ఎండకు రోజుకు 400 యూనిట్లొస్తాయి. అంటే ఏడు కిలోలు. బ్రోచర్లో మాత్రం రోజుకు 50! మిగతా 43 కిలోలు ఎక్కడివయ్యా అంటే ‘గ్రిడ్’ అంటారు గానీ రామగుండం పొగగొట్టం పేరెత్తరు. గ్రిడ్ యూనిట్‌కు దాదాపు 700 గ్రాముల కార్బన్ డయాక్సైడ్. అంటే కిలో హైడ్రోజన్‌కు 38 కిలోలు. సహజవాయువుతో చేసే పాత ‘మురికి’ హైడ్రోజన్‌కే తొమ్మిది పది కిలోలు. గ్రీన్ అనిపించుకోవాలంటే ఏడాది సగటున 2 కిలోలు దాటకూడదని కేంద్రం 2023లోనే చెప్పింది. ఆ పాత మురికి సరుకుకు నాలుగింతలు మసి పూసుకుని పైన పచ్చబొట్టు పొడిపించుకోవడమన్నమాట.

ఇక ప్రారంభోత్సవం. ముఖ్య అతిథి గంటన్నర లేటు. ‘మొబైల్ నిషిద్ధం’ బోర్డు ముందు సెల్ఫీలు. ఇంతలో కరెంటు పోతుంది, షామియానా వెనక డీజిల్ జనరేటర్ గుర్రుమంటుంది, మైకులో ‘కాలుష్యరహిత భవిష్యత్తు’ మళ్లీ మొదలవుతుంది. తర్వాత జ్యోతి ప్రజ్వలన, హైడ్రోజన్ బయటికి వదిలే వెంట్ పైపుకు నాలుగడుగుల దూరంలో. హైడ్రోజన్ గాలిలో 4 శాతం నుంచి 75 శాతం దాకా ఉంటే చాలు, అంటుకుంటుంది. 0.02 మిల్లీజౌల్ నిప్పురవ్వ సరిపోతుంది, పగటిపూట ఆ మంట కంటికి ఆనదు. ‘ఇక్కడ కర్పూరం వెలిగించొచ్చా నాయనా?’ అని అడిగే మనిషి ఒక్క పంతులుగారే. ‘ముహూర్తం దాటిపోతోంది, కానివ్వండి స్వామీ’ అని సేఫ్టీ ఆఫీసరే తొందరపెడతాడు.

నిజానికి ఇక్కడే తయారుచేసుకోవడం తెలివైన పనే. సిలిండర్‌లో ఉండేది అరకిలో పైచిలుకు వాయువు, దానికోసం లారీ మోసేది యాభై అరవై కిలోల ఇనుము. మందుల ఫ్యాక్టరీలకు హైడ్రోజన్ రోజూ కావాలి. కానీ దానికి ఓపెన్ యాక్సెస్‌లో (అంటే ఉత్పత్తిదారు నుంచి నేరుగా) సోలార్, గాలి కరెంటు కొనుక్కోవాలి. మబ్బు పడితే ఏం చేయాలో ముందే లెక్క కట్టుకోవాలి. ఎలక్ట్రోలైజర్ గుండెకాయైన ఆల్కలైన్ స్టాక్‌ను 20, 30 శాతం లోడు కిందికి దించితే ఆక్సిజన్ వైపుకు హైడ్రోజన్ జారుతుంది, 2 శాతానికి చేరిందా ట్రిప్పే, ప్లాంటు ఆగిపోవడమే. వచ్చిన వాయువులో మిగిలిన ఆక్సిజన్‌ను తీసేయడానికి డీఆక్సో, తడి తీయడానికి డ్రయ్యరూ ఉండాలి. బడ్జెట్లో మొట్టమొదట కత్తెర పడేది వీటికే.

ఆ కత్తెర వేసినాయన ఆటోక్లేవ్ దగ్గర, అంటే మందుల ఫ్యాక్టరీలో హైడ్రోజన్ ఎక్కించే పీడనపాత్ర దగ్గర, నిలబడడు. అక్కడ నిలబడేది కాంట్రాక్టు కుర్రాడు. వాడి చేతిలో రేనీ నికెల్ అనే ఉత్ప్రేరకం, ఆరితే గాలి తగిలి దానంతటదే అంటుకునేది. వాడికి లోపల ఏ వాయువుందో చెప్పిన దిక్కు లేదు. గ్యాస్ డిటెక్టర్ కాలిబ్రేషన్‌కు డబ్బుల్లేవట! శాలువాలకు ఎక్కడి నుంచొచ్చాయి? సిగ్గుండాలి.

అన్నట్టు ఆ డిటెక్టర్‌ను మోకాలెత్తులో బిగించారు. ఎల్పీజీ కుర్రాడు పెట్టి వెళ్లాడు, ఆ గ్యాసైతే నేలబారునే పారుతుంది మరి. హైడ్రోజన్ మాత్రం పైకెగసి రేకుల కింద గూడు కట్టుకుంటుంది. పోనీలెండి, బంతిపూల దండ వేయడానికి ఆ ఎత్తే వీలుగా ఉంది.