రాడ్‌బోర్న్ కుడిచేతికి కట్టిన ఖరీదు

1884 సీజన్ చివరికొచ్చేసరికి, పొద్దున్నే తల దువ్వుకుందామన్నా అమెరికా బేస్‌బాల్ పిచర్ (బ్యాటర్‌కు బంతి విసిరే ఆటగాడు) చార్లెస్ రాడ్‌బోర్న్‌కు కుడిచెయ్యి పైకి లేచేది కాదట. అయినా అందరికంటే ముందే మైదానానికి వెళ్లి మొదట నాలుగడుగుల దూరానికి, తర్వాత ఇంకాస్త దూరానికి బంతి విసురుతూ, నొప్పిని ఓర్చుకుంటూ చేతిని దారికి తెచ్చుకునేవాడు. మధ్యాహ్నం మళ్లీ మ్యాచ్.

ఆ ఏడాది ప్రావిడెన్స్ గ్రేస్ జట్టు కోసం అతను 678 ఇన్నింగ్స్‌కు పైగా బంతులు వేశాడు (బేస్‌బాల్‌లో మామూలుగా ఒక మ్యాచ్‌కు తొమ్మిది ఇన్నింగ్స్). మొదలుపెట్టిన 73 మ్యాచ్‌లనూ తానే ముగించాడు. 59 గెలిచాడు, కొందరి లెక్కలో 60. ఇప్పటి పిచర్లు సీజన్‌లో 200 ఇన్నింగ్స్ దాటడమే అరుదు. అప్పుడు ఇప్పటికంటే దగ్గరగా, 50 అడుగుల నుంచే విసిరేవారు, జట్టుకు ఇద్దరు ముగ్గురు పిచర్లే ఉండేవారు కాబట్టి ఈ పోలిక పూర్తిగా న్యాయం కాదు. అదే ఏడాది బఫలో పిచర్ పడ్ గాల్విన్ కూడా 636 ఇన్నింగ్స్ వేశాడు.

అందుకే దీన్ని వీరగాథగా చెప్పుకోవడం నాకు నచ్చదు. ఇది ఒక బేరం కథ. 1879లో క్లబ్బు యజమానులు తెచ్చిన రిజర్వ్ నిబంధన ప్రకారం, క్లబ్బు వదిలితే తప్ప ఆటగాడు వేరే జట్టుకు వెళ్లడానికి వీల్లేదు. జులైలో రాడ్‌బోర్న్ సస్పెన్షన్‌లో ఉండగా, రెండో పిచర్ చార్లీ స్వీనీ జట్టును వదిలి వెళ్లిపోయాడు. క్లబ్బు చేతులెత్తేసే స్థితి. అప్పుడు రాడ్‌బోర్న్ అదనపు జీతం అడిగాడు, సీజన్ ముగిశాక రిజర్వ్ నుంచి విడుదల కోరాడు. బదులుగా మిగిలిన భారమంతా దాదాపు ఒంటరిగా మోశాడు. జట్టుకు లీగ్ టైటిల్ వచ్చింది. ఆపై పోటీ లీగ్ విజేత న్యూయార్క్ మెట్రోపాలిటన్స్‌తో జరిగిన మూడు మ్యాచ్‌లూ అతనే ఆడి గెలిపించాడు.

తనకు నచ్చిన చోట పనిచేసే హక్కు ఏ పనివాడికైనా ఉండాల్సిందే. ఆ హక్కు కోసం ఒక మనిషి తన చేతిని ధారపోయాల్సి వచ్చింది. అతనికి మిగిలిన పేరేమో 'ఓల్డ్ హాస్', అంటే ముసలి గుర్రం. ఆ వేసవికి అతనికి 30 ఏళ్లు కూడా నిండలేదు!

విడుదల దక్కినా 1885లో ప్రావిడెన్స్‌లోనే ఆడాడు. ఆ సీజన్‌తో క్లబ్బే మూతపడింది, అతను బోస్టన్ చేరాడు. 1890లో రిజర్వ్‌ను ఎదిరించి ఆటగాళ్లే సొంత లీగ్ పెట్టుకున్నప్పుడు రాడ్‌బోర్న్ వాళ్లతో నడిచాడు. అరిగిపోయిన ఆ చేత్తోనే బోస్టన్ రెడ్స్‌కు 27 విజయాలు అందించాడు. ఆ జట్టే విజేత. లీగ్ మాత్రం ఆ ఒక్క సీజన్‌తోనే ఆగిపోయింది.