ఆ రాజీనామాలు ఎవరి లెక్కలోవి?

పండక్కి ఊరెళ్ళిన వాళ్ళందరికీ తెలిసిన దృశ్యమే. భోజనాలయ్యాక హాల్లో ఫ్యాన్ కింద చాపలు పరుస్తారు. ఎవరో ఒకరు మాట కదుపుతారు. హైదరాబాద్‌కు ఐటీ తెచ్చిందెవరు అన్న ఒక్క ప్రశ్న చాలు, గంటన్నర గడిచిపోతుంది. బాబాయి చంద్రబాబు అంటారు. ఔటర్ రింగ్ రోడ్డు లేకపోతే ఆ కంపెనీలన్నీ ఎక్కడికొచ్చేవని పెదనాన్న వైఎస్ పేరు తీస్తారు. కరీంనగర్ నుంచి వచ్చిన అల్లుడు కేటీఆర్ సంగతేంటంటాడు. అక్కడి నుంచి ట్రంప్ మీదికి, లక్ష డాలర్ల హెచ్1బీ ఫీజు మీదికి, ఏఐ మీదికి పోతుంది మాట. గొంతులు పెరుగుతాయి. ఇంక ఆపండి, పిల్లలు పడుకున్నారని వంటింట్లోంచి కేక వినబడుతుంది. ఆ హాల్లోనే ఓ మూల గోడకు ఆనుకుని, ఫోన్ చూసుకుంటూ ఒక్క మాటా మాట్లాడని మనిషి ఉంటాడు. ముప్ఫయ్యయిదేళ్ళ సాఫ్ట్‌వేర్ ఇంజినీరు. అతని ఉద్యోగం పోయి రెండు నెలలైంది. ఇంట్లో ఇంకా చెప్పలేదు.

వాదించుకోవడం తప్పని మేం అనడం లేదు. తెలుగువాళ్ళ ఇళ్ళల్లో రాజకీయం మాట్లాడుకోని రోజు వస్తే దిగులు పడాలి. ఐటీ ఘనత ఎవరిదన్న వాదనలో కూడా అందరి మాటలోనూ కొంత నిజముంది. 1967లో కేంద్ర ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్ వచ్చిన నాటి నుంచే ఈ నగరంలో ఎలక్ట్రానిక్స్ తెలిసిన ఇంజినీర్లు తయారవుతున్నారు. 1998 నవంబరు 22న వాజ్‌పేయి సైబర్ టవర్స్ ప్రారంభించినప్పుడు మాదాపూర్ చుట్టూ రాళ్ళగుట్టలే. ఆ తర్వాత వచ్చిన ప్రతి ప్రభుత్వమూ ఎంతో కొంత కలిపింది. అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల ఇరుకు గదుల్లో జావా, టెస్టింగ్ నేర్పిన మాస్టార్లకూ, ఎకరమో అరెకరమో అమ్మి ఫీజులు కట్టిన తల్లిదండ్రులకూ ఆ ఘనతలో వాటా ఉంది. ఇన్ని పేర్లు తలుచుకునే మనం, వచ్చిన ఉద్యోగం పోయేటప్పుడు ఏం జరుగుతోందన్నది మాత్రం అడగడం లేదు.

అది ఎలా పోతుందో చెప్పుకోవాలి. ఉదయం పదకొండింటికి మీటింగ్ ఉందని క్యాలెండర్‌లోకి ఓ మెసేజ్ వస్తుంది. విషయం ఏమిటో రాసి ఉండదు. చిన్న గది. మేనేజర్ తల దించుకుని ఉంటాడు, పక్కన హెచ్ఆర్ నుంచి ఎన్నడూ చూడని మనిషి. మీ పనిలో లోపమేమీ లేదు, ప్రాజెక్టులే లేవు, మీరే రిజైన్ చేస్తే రిలీవింగ్ లెటర్ మంచిగా ఇస్తాం, రెండు నెలల జీతం ఇస్తాం, లేదంటే మేమే టెర్మినేట్ చేయాల్సి వస్తుంది, అది రికార్డులో ఉంటే రేపు బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో మీకే ఇబ్బంది. ఆలోచించుకోవడానికి సాయంత్రం దాకా టైమ్. ఇంటికి ఫోన్ చేసి అడుగుదామంటే ఏమని అడగాలో తోచదు. సీటు దగ్గరికి వచ్చి కంపెనీ పోర్టల్ తెరిస్తే, రాజీనామా ఫారంలో కారణం ఎంచుకోమంటుంది. మెరుగైన అవకాశం, ఉన్నత చదువు, ఆరోగ్యం, వ్యక్తిగత కారణాలు. కంపెనీయే వెళ్ళమంది అన్న కారణం ఆ జాబితాలో ఉండదు. అతను వ్యక్తిగత కారణాలు అన్నదాని మీద నొక్కుతాడు. సాయంత్రానికి లాప్‌టాప్ ఇచ్చేసి, గేటు దగ్గర ఐడీ కార్డు తీసి ఇచ్చి, పార్కింగ్‌లో బండి మీద చాలాసేపు కూర్చుంటాడు. ఫ్లాటు ఈఎంఐ అయిదో తేదీన కట్ అవుతుంది.

ఆ ఒక్క నొక్కుడుతో చట్టం అతని చేయి వదిలేస్తుంది. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం ప్రకారం ఏడాదికి తగ్గకుండా పనిచేసిన కార్మికుణ్ణి అవసరం లేదని తీసేయాలంటే నెల ముందు నోటీసు ఇవ్వాలి, లేదా ఆ నెల జీతమివ్వాలి. పనిచేసిన ప్రతి ఏడాదికీ పదిహేను రోజుల సగటు వేతనం పరిహారం కట్టాలి. ప్రభుత్వానికి తెలియజేయాలి. 2025 నవంబరు 21న దాని స్థానంలో అమల్లోకి వచ్చిన కొత్త లేబర్ కోడ్‌లలోనూ ఇది ఉంది. పైగా కొత్త నైపుణ్యం నేర్చుకోవడానికని తీసేసిన ఒక్కొక్కరికి పదిహేను రోజుల వేతనం యజమాని ఓ నిధికి జమచేయాలని, నలభై అయిదు రోజుల్లో అది ఆ మనిషి ఖాతాలో పడాలని కూడా రాశారు. మంచి మాటే. అయితే ఇదంతా తీసేసిన వాళ్ళకు. తనంతట తాను మానుకున్నవాడికి ఇందులో ఏదీ రాదు. కాగితం మీద మన ఇంజినీరు తనంతట తానే మానుకున్నాడు.

ఇక్కడ టీ కొట్టు దగ్గర తరచూ వినబడే ఓ మాట సరిచేయాలి. కొత్త కోడ్‌తో 300 మంది లోపు ఉన్న కంపెనీలు ప్రభుత్వ అనుమతి లేకుండా తీసేయొచ్చు, అందుకే ఐటీలో ఇలా జరుగుతోందని కొందరంటారు. పాత చట్టంలో ఆ పరిమితి వంద ఉండేది, ఇప్పుడు మూడు వందలు చేశారన్నది నిజమే. కానీ ముందస్తు అనుమతి నిబంధన ఫ్యాక్టరీలకు, గనులకు, తోటలకు సంబంధించింది. సాఫ్ట్‌వేర్ కంపెనీలు అప్పుడూ దాని కింద లేవు, ఇప్పుడూ లేవు. ఆ వాదనలో ఎవరు గెలిచినా హాల్లో మూల కూర్చున్నతనికి ఒరిగేదేమీ లేదు.

ఒరిగేది ఇంకోచోట ఉంది. 1988లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చేసిన దుకాణాలు, సంస్థల చట్టం ఉంది. పని గంటలు, సెలవులు, ఉద్యోగం నుంచి తొలగింపు, ఇవన్నీ అందులో ఉన్నాయి. ఆరు నెలలు దాటిన ఉద్యోగిని సరైన కారణం లేకుండా, నోటీసు లేకుండా పంపించకూడదని 47వ సెక్షన్ చెబుతుంది. ఐటీ సంస్థలకు ఈ చట్టంలోని కొన్ని సెక్షన్ల నుంచి మినహాయింపు ఇస్తూ ఉమ్మడి రాష్ట్రంలోనే ఉత్తర్వులు వచ్చాయి. తెలంగాణ ఏర్పడ్డాక కూడా గడువు తీరినప్పుడల్లా పొడిగిస్తూ వస్తున్నారు. ఆ మినహాయింపుల జాబితాలో తొలగింపు సెక్షన్ కూడా ఉంది. వారానికి 48 గంటలు దాటితే ఓవర్‌టైమ్ ఇవ్వాలి, వారానికో సెలవు ఇవ్వాలి, రాత్రి పనిచేసే మహిళలకు రవాణా, భద్రత కల్పించాలి వంటి షరతులు పెట్టారు. ఆ షరతులు ఎవరు తనిఖీ చేస్తున్నారో, ఎన్నిసార్లు చేశారో ప్రజలకు ఎవరూ చెప్పలేదు. పండగ పూట మనం ఏ నాయకుల పేర్లు చెప్పి గొంతు చించుకుంటామో, ఆ నాయకుల ప్రభుత్వాలన్నీ ఈ ఒక్క విషయంలో ఒకే దారిన నడిచాయి. పార్టీలు మారాయి, జెండాలు మారాయి, ఆ మినహాయింపు మాత్రం కదల్లేదు.

అసలు ఎంతమంది పోయారో లెక్క కూడా లేదు. దేశంలోకెల్లా పెద్ద ఐటీ కంపెనీ టీసీఎస్ 2025 జులైలో తన సిబ్బందిలో 2 శాతాన్ని, అంటే దాదాపు 12 వేల మందిని తగ్గిస్తామని చెప్పింది. కంపెనీ ప్రకటించిన అంకెల్లోనే జూన్ చివర 6.13 లక్షలున్న ఉద్యోగులు సెప్టెంబరు చివరికి 5.93 లక్షలయ్యారు. మూడు నెలల్లో 19,755 మంది తగ్గారు. వాళ్ళలో కంపెనీ పంపినవాళ్ళెందరు, వేరే చోట మంచి జీతం వచ్చి తామే వెళ్ళినవాళ్ళెందరు? బయట నుంచి ఎవరూ విడదీసి చూడలేరు. అంత పెద్ద కంపెనీ, స్టాక్ మార్కెట్‌కు లెక్క చెప్పాల్సిన కంపెనీ కాబట్టి ఆ మాత్రమైనా తెలిసింది. మాదాపూర్‌లో మూడంతస్తుల అద్దె భవనంలో రెండు వందల మందితో నడిచే కంపెనీ నలభై మందిని పంపించేస్తే ఏ ఫైలులోనూ ఎక్కదు.

అమెరికాలో మన పిల్లల ఉద్యోగాల గురించి మాట్లాడుకుంటాం కాబట్టి అక్కడి పద్ధతి కూడా చూద్దాం. కార్మికుల రక్షణకు పెట్టింది పేరైన దేశమేం కాదది. ఇవ్వాళ ఉద్యోగం, రేపు లేదు అన్నది అక్కడ మామూలే. అయినా అక్కడ 1988 నుంచీ వార్న్ చట్టం ఉంది. వంద మంది, అంతకన్నా ఎక్కువ ఉన్న కంపెనీ పెద్ద సంఖ్యలో ఒకేసారి తీసేయాలంటే 60 రోజుల ముందు ఉద్యోగులకు రాతపూర్వకంగా చెప్పాలి. రాష్ట్ర ప్రభుత్వానికి, స్థానిక ప్రభుత్వానికి కూడా నోటీసు పంపాలి. టెక్సస్, కాలిఫోర్నియా వంటి రాష్ట్రాలు ఆ నోటీసులను వెబ్‌సైట్లో పెడతాయి. కంపెనీ పేరు, ఊరు, ఎంతమంది, ఏ తేదీ నుంచి అన్నవన్నీ అందులో ఉంటాయి. గుంటూరులో ఉన్న తండ్రి కావాలనుకుంటే డాలస్ పక్కన ఇర్వింగ్‌లో ఫలానా కంపెనీ ఎంతమందిని తీసేస్తోందో ఫోన్‌లో చూసుకోవచ్చు. అదే తండ్రి గచ్చిబౌలిలో పనిచేసే రెండో కొడుకు కంపెనీ గురించి తెలుసుకోవాలంటే దారి లేదు.

కంపెనీల వైపు మాట కూడా వినాల్సిందే. అమెరికాలో, ఐరోపాలో క్లయింట్లు ఖర్చు తగ్గించుకుంటున్నారు. టెస్టింగ్, సపోర్ట్ పనులు కొన్ని ఏఐ చేసేస్తోంది. పని లేని చోట మనుషుల్ని ఎన్నాళ్ళు కూర్చోబెట్టి జీతమిస్తారు అన్న ప్రశ్న న్యాయమైనదే. రూల్స్ బిగిస్తే కంపెనీలు బెంగళూరుకో పుణేకో పోతాయన్న భయం ప్రభుత్వాలకు ఉంది. ఆ భయాన్ని మేం కొట్టిపారేయం. కానీ మేం అడుగుతున్నది తీసేయొద్దని కాదు. తీసేస్తే తీసేశామని చెప్పమని. తీసేయడాన్ని రాజీనామా అని రాయించడం వ్యాపార అవసరం కాదు. చట్టం ఇవ్వమన్న పరిహారం మిగుల్చుకోవడానికి ఉద్యోగి చేతే అబద్ధం రాయించడం అది. అంత చదువుకున్న మనిషి తన సంతకంతో తనకు తానే అన్యాయం చేసుకునే స్థితికి నెట్టడం మమ్మల్ని అన్నిటికన్నా ఎక్కువ బాధిస్తోంది.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు కార్మికులే కారన్న వాదన ఇంకొకటి. కోడ్ రాసేవాళ్ళకు టీమ్ లీడ్ అనో, అసోసియేట్ మేనేజర్ అనో హోదా పేరు పెడతారు. మేనేజర్ హోదావాళ్ళు, నెలకు 18 వేలు దాటిన సూపర్‌వైజర్లు కార్మికుడి నిర్వచనంలోకి రారు కాబట్టి మీకు చట్టం వర్తించదంటారు. హోదా పేరును బట్టి కాదు, మనిషి రోజంతా నిజంగా చేసే పనిని బట్టి చూడాలని న్యాయస్థానాలు ఎన్నోసార్లు చెప్పాయి. రోజంతా కోడ్ రాస్తూ, బగ్స్ సరిచేస్తూ, ఎవరి సెలవుపై సంతకం పెట్టే అధికారం కూడా లేని మనిషి మేనేజర్ ఎలా అవుతాడు?

అయినా కోర్టుకు ఎవరు వెళ్తారు? రిలీవింగ్ లెటర్ లేకపోతే తర్వాతి ఉద్యోగం రాదన్న భయం ఒకటి. ఇంటి పరువు ఇంకొకటి, దాని బరువు మనం మోపిందే. సాఫ్ట్‌వేర్ సంబంధం అని కళ్ళకద్దుకున్న మనమే, ఉద్యోగం పోయిందని తెలిస్తే వాడిలో ఏదో లోపం ఉండబట్టే అంటాం. పక్కింటి వాళ్ళబ్బాయి ఏఐ నేర్చుకున్నాడు, మనవాడే బద్ధకించాడంటాం. అందుకే ఆ కుర్రాళ్ళు పొద్దున్నే లాప్‌టాప్ బ్యాగు తగిలించుకుని బయటికి వెళ్ళి, ఏ లైబ్రరీలోనో పార్కులోనో కూర్చుని, సాయంత్రం ఆరింటికి ఇల్లు చేరుతున్నారు. పన్నెండేళ్ళ సర్వీసున్న వాళ్ళకు ఇది మరీ కష్టం. కొత్తవాళ్ళ జీతానికి వాళ్ళను తీసుకోరు, వాళ్ళ జీతానికి ఖాళీలుండవు.

ప్రభుత్వాల చేతిలో చేయగలిగింది చాలా ఉంది. రెండు రాష్ట్రాలూ 2025లో రోజువారీ పని గంటలను పది దాకా పెంచడానికి వేగంగా కదిలాయి. విశాఖలో టీసీఎస్‌కు 21.16 ఎకరాలను 99 పైసల నామమాత్రపు ధరకు ఇవ్వాలని ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం చకచకా నిర్ణయించింది. 12 వేల ఉద్యోగాలు వస్తాయన్నారు. రావాలనే మేం కోరుకుంటున్నాం, ఉత్తరాంధ్ర పిల్లలు బస్సెక్కి హైదరాబాద్, బెంగళూరు పోవాల్సిన పని తప్పాలి. ప్రజల భూమి ఇచ్చేటప్పుడు ఒప్పందంలో ఇంకో నాలుగు లైన్లు కూడా రాయించుకోవాలి: ఏటా ఎంతమందిని తీసుకున్నారో, ఎంతమంది ఏ కారణంతో వెళ్ళారో కార్మిక శాఖకు లెక్క ఇవ్వాలని, దాన్ని అందరూ చూసేలా పెట్టాలని. ఒకే నెలలో ఓ కంపెనీ నుంచి యాభై రాజీనామాలు వస్తే, అవన్నీ వ్యక్తిగత కారణాలే అయితే, కార్మిక శాఖ అధికారి వెళ్ళి అడగాలి. ఒత్తిడితో తీసుకున్న రాజీనామాను తొలగింపుగానే లెక్కించాలని రెండు రాష్ట్రాలూ ఉత్తర్వు ఇవ్వాలి. మినహాయింపు గడువు ఈసారి ముగిసినప్పుడు తొలగింపు సెక్షన్‌ను దాని నుంచి తీసేయాలి. మానుకున్నా తీసేసినా రెండు పనిదినాల్లో బాకీ జీతమంతా చెల్లించాలని కొత్త వేతన కోడ్ చెబుతోంది. నలభై అయిదు రోజులు తిప్పుకునే అలవాటున్న కంపెనీలపై కనీసం అది ఈ నెల నుంచే అమలు చేయించవచ్చు.

వచ్చే శాసనసభ సమావేశాల్లో ఏ పార్టీ సభ్యుడైనా ఒక్క ప్రశ్న వేయాలని కోరుతున్నాం. గడచిన రెండేళ్ళలో మాదాపూర్, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ కంపెనీల నుంచి ఎందరు వెళ్ళిపోయారు, అందులో తొలగించినట్టు కార్మిక శాఖకు తెలియజేసింది ఎందరి గురించి? సమాధానం లేదని మంత్రి చెప్పినా సరే, ఆ మాట సభ రికార్డుల్లోకి ఎక్కాలి.