సర్‌చార్జి కట్టించుకున్నంత తేలికగా డాక్టరును చూపించరు

బ్రిటన్‌కు స్కిల్డ్ వర్కర్ వీసా మీద వచ్చేవారు ఆరోగ్య సర్‌చార్జి (అక్కడి ప్రభుత్వ వైద్యసేవ ఎన్‌హెచ్‌ఎస్‌ను వాడుకోవడానికి కట్టే రుసుము) కింద పెద్దవారికి ఏడాదికి 1,035 పౌండ్ల చొప్పున, వీసా ఎన్నేళ్లకైతే అన్నేళ్ల మొత్తాన్నీ దరఖాస్తుతోపాటే చెల్లించాలి. 2024 ఫిబ్రవరికి ముందు ఇది 624 పౌండ్లే. జీతంలోంచి పన్ను, నేషనల్ ఇన్సూరెన్సు (సామాజిక భద్రత చందా) కోతలు అందరికీ ఉన్నట్టే మాకూ ఉంటాయి.

ఇంత కట్టి జీపీ (మొదట చూపించుకోవాల్సిన స్థానిక కుటుంబ వైద్యుడు) దగ్గర పేరు నమోదుకు వెళితే, రిసెప్షన్‌లో మొదట అడిగింది చిరునామా రుజువు! ఇంగ్లండులో నమోదుకు చిరునామా రుజువు గానీ వీసా పత్రాలు గానీ అవసరం లేదని ఎన్‌హెచ్‌ఎస్ మార్గదర్శకాలే స్పష్టంగా చెబుతున్నా, వచ్చిన కొత్తలో స్నేహితుల గదిలో సర్దుకుంటున్న మనిషిని, అతని పేరు మీద కరెంటు బిల్లు లేదన్న సాకుతో తిప్పి పంపడం ఏ న్యాయమో నాకు అర్థం కాదు. జ్వరం బిల్లు చూసి వస్తుందా?

నమోదయ్యాక ఉదయం 8 గంటల ఫోను పోటీ మొదలవుతుంది. లైను కలిసేసరికి ఆ రోజు అపాయింట్‌మెంట్లు అయిపోయాయని, తప్పదనుకుంటే ఎన్‌హెచ్‌ఎస్ వైద్య సలహా నంబరు 111కు ఫోన్ చేయమని చెబుతారు. హైదరాబాదులోలాగా నేరుగా చర్మవ్యాధుల నిపుణుడి దగ్గరికి వెళ్దామన్నా, ఎన్‌హెచ్‌ఎస్‌లో జీపీ సిఫారసు లేనిదే కుదరదు. ఇంటి నుంచి ఫోన్ చేసిన మా పెదనాన్న మాత్రం, "అక్కడ వైద్యమంతా ఉచితమటగా, అదృష్టవంతుడివిరా" అంటున్నారు.