చెంచా కడిగిన పాపానికి

ఆ వీడియోల్లో చేతులు మాత్రమే కనిపిస్తాయి. గోళ్లరంగు చెదరని చేతులు, ఉంగరానికి ఐసింగ్ అంటని చేతులు. అవి ఒక బిస్కెట్టును కరిగిన చాక్లెట్‌లో ముంచుతాయి, పైకి తీస్తాయి, రెండు చక్కెర కళ్లు పెడతాయి, మధ్యలో ఎర్ర క్యాండీ ముక్కు పెడతాయి, కొమ్ములకి అటో ప్రెట్జెల్ (మెలితిప్పిన ఉప్పు బిస్కెట్టు) ముక్క ఇటో ప్రెట్జెల్ ముక్క గుచ్చుతాయి. క్రిస్మస్ తాత బండి లాగే కొమ్ముల జింక, రెయిన్‌డీర్ తయారు. నిమిషం కూడా పట్టదు. కింద మాత్రం "పిల్లలతో కలిసి సరదాగా చేయండి" అని రాసి ఉంటుంది. ఆ నిమిషంలో ఒక్క పిల్లాడు కనపడితే ఒట్టు. ఒక్కడూ "నాకు రాలేదూ" అనడు. ఆ చేతులావిడ పిల్లల్ని ఎక్కడ దాచిందో ముందు ఆ వీడియో పెట్టాలి.

పండగ సెలవులకి మా అక్క తన కొడుకుని మా ఇంట్లో దింపి వెళ్లింది. వాడికి పదేళ్లు, తెలియని విషయం లేదు. నా కూతురికి ఎనిమిది, తెలిసిన విషయాన్ని ఊరికే వదలదు. చిన్నాడికి నాలుగు దాటాయి. ముగ్గురూ ఫోను నా మొహం మీద పెట్టి ఆ వీడియో చూపించారు. ఓవెన్ అక్కర్లేదు, పొయ్యి అక్కర్లేదు, బిస్కెట్లు కొన్నవే, క్యాండీలు కొన్నవే, మనం చేసేదల్లా అతికించడమే అన్నారు. "చేసేదల్లా" అనే మాట ఎవరు వాడినా అక్కడ ఏదో ఉందని ఇన్నేళ్ల కాపురంలో నాకు బాగా తెలుసు. అయినా సెలవులు కదా.

క్యాండీల పొట్లం విప్పి రంగుల వారీగా చిన్న గిన్నెల్లో వేరు చేసే పని మా అక్క కొడుక్కి అప్పగించాను. చిన్నాడికి కూర్చుని తింటేనే క్యాండీ అని షరతు పెట్టాను. నాలుగేళ్లలోపు పిల్లలకు గట్టి క్యాండీలు, మార్ష్‌మాలోలు గొంతుకు అడ్డం పడతాయి, అసలు ఇవ్వొద్దంటారు పిల్లల డాక్టర్లు. మావాడు ఆ గీత ఈమధ్యే దాటాడు కాబట్టి పరుగెడుతూ తినకుండా ఉంటే చాలనుకున్నాను. వాడు షరతు అక్షరాలా పాటించాడు. బల్ల కింద కూర్చున్నాడు. ఎర్రవాటి గిన్నెతో సహా.

పైన పెద్దాడేమో నాణ్యత పరీక్షలో ఉన్నాడు.

"ఏరా, ఏం నములుతున్నావు?"

"పాడయ్యాయేమోనని చూస్తున్నా పిన్నీ."

"పాడయ్యాయా?"

"ఈ పచ్చవి బాగున్నాయి. పసుపువి ఇంకా తేలలేదు."

నా కూతురు మాత్రం తినలేదు. వాళ్లిద్దరూ ఎన్ని తిన్నారో లెక్క రాసుకుని, న్యాయంగా తనకు రావాల్సినన్ని పక్కన దాచుకుంది. తిలా పాపం తలా పిడికెడు అంటారే, అక్కడ అచ్చంగా అదే జరిగింది. రెయిన్‌డీర్లకు ముక్కులు పెట్టే వేళకి ఎర్ర క్యాండీ ఒక్కటీ మిగల్లేదు. ఆకుపచ్చ ముక్కులు పెట్టాం. "జలుబు చేసిందిలే" అన్నాడు పెద్దాడు. అదేదో తను ముందే ఆలోచించి పెట్టుకున్నట్టు!

ఇంకో వంటకం కూడా ఉంది. క్రీమ్ బిస్కెట్లను పొడి చేసి, క్రీమ్ చీజ్‌తో కలిపి, ఉండలు కట్టి, ఫ్రిజ్‌లో గట్టిపడ్డాక చాక్లెట్‌లో ముంచాలి. పొడి చేసే పని చిన్నాడిది. బిస్కెట్లను జిప్ సంచీలో వేసి అప్పడాల కర్ర చేతికిచ్చాను. ఇంత కష్టపడి వాడు ఏ పనీ చేయడం నేను చూడలేదు. సంచీ చిరిగాక కూడా ఆపలేదు. పొడి గట్టు మీద పడింది, వాడి కనుబొమల మీద పడింది, కొంత గిన్నెలోకీ వచ్చింది. ఉండలు అరగంట ఫ్రిజ్‌లో ఉండాలన్నాను. అరగంట అయిందా అని చూడటానికి ఫ్రిజ్ తలుపు తీయడం, తీసినందుకు చల్లదనం పోవడం, పోయింది కాబట్టి ఇంకో అరగంట ఉంచాల్సి రావడం. ఇది తెమిలేది కాదని ఫ్రిజ్‌కు నేనే వీపు ఆనించి నిలబడ్డాను.

ఇక చాక్లెట్. ఈ విషయంలో నన్ను ఎవరూ వేలెత్తి చూపలేరు. మైక్రోవేవ్‌లో సగం పవర్ మీద ఇరవై ముప్ఫై సెకన్లు పెట్టడం, తీసి కలపడం, మళ్లీ పెట్టడం. చాక్లెట్ లోపల కరిగినా పైకి ముక్క ఆకారం అలాగే ఉంటుంది. చూపులకి కరిగేదాకా ఆగామా, అడుగున మాడుతుంది. నేను ఆగలేదు. గిన్నెలో చాక్లెట్ నిగనిగలాడుతోంది, గరిటె ఎత్తితే తెగకుండా ధారగా జారుతోంది. ఆ వీడియో చేతులు కూడా చూసి కళ్లకద్దుకునేంత బాగా కుదిరింది.

నా కూతురు వచ్చింది. ముంచే చెంచా తెచ్చింది. దాన్ని గిన్నెలో పెట్టింది, కలిపింది.

ధార ఆగిపోయింది. మెరుపు పోయింది. చూస్తుండగానే గిన్నెలో చాక్లెట్ అంతా ముద్దకట్టి తడి ఇసుకలా తయారైంది.

"ఏం చేశావే?"

"చెంచా కడిగానమ్మా" అంది, ముఖం వెలిగిపోతూ.

ఏ వస్తువైనా కడిగి వాడు, కడిగి వాడు అని దానికి ఊహ తెలిసినప్పటినుంచీ చెబుతున్నాను. గ్లాసు కడగదు, పండు కడగదు, చేతులైతే కడిగానని చూపిస్తుంది గానీ కడగదు. జీవితంలో మొదటిసారి, ఎవరూ అడక్కుండా, తనంతట తాను చెంచా కడిగి తెచ్చింది. తుడవలేదు, అంతే. తుడవమని నేనెప్పుడు చెప్పాను కనక?

"నీళ్లు పడితే పల్చబడాలి కదా పిన్నీ" అన్నాడు పెద్దాడు, నా లెక్క తప్పని తేల్చేస్తూ.

పడదు నాయనా. చాక్లెట్‌లో నీళ్లన్నవి దాదాపు ఉండవు. కోకో, చక్కెర, కంటికి ఆనని మెత్తటి రేణువులుగా కోకో బటర్ అనే కొవ్వులో తేలుతుంటాయి. నాలుగు నీటి చుక్కలు పడ్డాయంటే చక్కెర తడిసి జిగురవుతుంది, రేణువులన్నీ ఒకదాన్నొకటి పట్టుకుని ముద్దవుతాయి. ఇందులో తమాషా ఏమిటంటే, చుక్కలు పడి చెడిన చాక్లెట్ ఇంకా ఎక్కువ పోస్తే బాగుపడుతుంది. వేడి పాలు కొద్దికొద్దిగా పోస్తూ కలిపితే చక్కగా జారే సాస్ అవుతుంది. కానీ బిస్కెట్టు మీద గట్టిపడే పూతగా ఇక ఈ జన్మలో పనికిరాదు. ఇదంతా వివరంగా చెప్పాను. ముగ్గురూ ఎంతో శ్రద్ధగా విన్నారు. చివర్లో చిన్నాడు, "అయితే అది తినేయొచ్చా?" అని అడిగాడు. పాఠం సారాంశం పట్టింది వాడొక్కడే.

రెండో విడతకి కాంపౌండ్ చాక్లెట్ తీశాను. దాని పేరెత్తితే పెదవి విరిచేవాళ్లు ఉంటారు. కోకో బటర్ బదులు వేరే కొవ్వు వేస్తారు, అసలు చాక్లెట్ రుచి రాదు అంటారు. నిజమే. కానీ టెంపరింగ్ గొడవ, అంటే చాక్లెట్‌ని కొలిచి వేడిచేసి చల్లార్చే తతంగం, లేకుండా దానంతటదే గట్టిపడుతుంది. పిల్లలున్న ఇంట్లో నేను దాని పక్షమే. రుచి గురించి మాట్లాడేవాళ్లు ముందు మా ఇంటికి వచ్చి ఒక పూట ముగ్గుర్నీ చూసుకోవాలి. పెద్దాడు ఇంతలో తెల్ల చాక్లెట్ గిన్నె తీసి, ఆకుపచ్చ రంగు సీసా మూత విప్పుతున్నాడు. అది నీళ్లలో కలిపిన రంగు. పడితే మళ్లీ అదే కథ, చాక్లెట్‌కి నూనె రంగో పొడి రంగో ఉండాలి. గట్టుకి ఆ చివరనుంచి ఈ చివరకి ఎలా వచ్చానో తెలీదు, సీసా మాత్రం నా చేతిలోకి వచ్చింది.

రెయిన్‌డీర్లు మొదలయ్యాయి. నా కూతురు కొమ్ములు కొలిచి పెడుతోంది. పెద్దాడు పెట్టినవి ఒకటి పైకి, ఒకటి పక్కకి ఉన్నాయి. అడిగితే "మలుపు తిరుగుతోంది" అన్నాడు. చిన్నాడు కళ్ల డబ్బా మొత్తం ఒకే బిస్కెట్టు మీద బోర్లించాడు. ముక్కు లేదు, కొమ్ముల్లేవు, అంతా కళ్లే. "ఇది అన్నీ చూస్తుంది" అన్నాడు. ఆ క్షణం నుంచి ఆ బిస్కెట్టు వైపు నేను తిరగలేదు.

వాడు ఇంకోటి ఎవరికీ కనబడకుండా గుప్పిట్లో దాచుకున్నాడు. కోకో బటర్ కరగడానికి 34 డిగ్రీల సెల్సియస్ చాలు. మనిషి ఒళ్లు 37 డిగ్రీలు. నోట్లో పెట్టుకోగానే వెన్నలాగ కరిగిపోయే గొప్పతనమంతా ఈ మూడు డిగ్రీల తేడాలోనే ఉంది, గుప్పిట్లో పెట్టుకుంటే జరిగే ఘోరమూ అందులోనే ఉంది. వాడు దాచుకున్నది తెల్ల చాక్లెట్‌ది, అందులోనూ కోకో బటరే. ఫ్రిజ్ తలుపు మీద అయిదు వేళ్లతో ఒక అచ్చు పడింది. అచ్చు మధ్యలో, అరచేయి ఉండాల్సిన చోట, ఒక చక్కెర కన్ను అంటుకుని నన్నే చూస్తోంది.

అప్పుడు మా ఆయన వంటింట్లోకి వచ్చారు.

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్న మహానుభావుడెవరో ఇటుకలతో కట్టి ఉంటాడు. బిస్కెట్లతో కట్టి ఉంటే పెళ్లి దాకా వచ్చేవాడు కాదు. మిగిలిన పెద్ద బిస్కెట్లతో ఇల్లు కడదామని పిల్లలు అప్పటికే గోడలు నిలబెడుతున్నారు. దానికి సిమెంటు రాయల్ ఐసింగ్. మామూలుగా పచ్చి గుడ్డు తెల్లసొనలో పొడి చక్కెర వేసి గిలక్కొడతారు. పిల్లలు వేళ్లు నాకే చోట పచ్చి గుడ్డెందుకని మెరింగ్ పౌడర్ (ఎండబెట్టిన తెల్లసొన పొడి) వాడాను. గోడలు అతికించాక కొన్ని గంటలు కదపకూడదు, బాగా ఎండాకే కప్పు పెట్టాలి. గంటల సంగతి పిల్లలకు చెప్పి ఒప్పించగలిగాను. మా ఆయనకు చెప్పలేకపోయాను.

"పునాదే సరిగా లేదు" అంటూ చొక్కా చేతులు మడిచారు. టేపు తెచ్చి గోడలు కొలిచారు. జామ్ సీసాలు తెచ్చి నాలుగు పక్కలా ఆనించారు. ఆ సీసాల ఆలోచన మంచిదే, కాదనను. "కప్పు బరువు గోడల మీద సమానంగా పడితే ఎండక్కర్లేదు, భౌతికశాస్త్రం" అని కప్పు పెట్టించారు. రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డారు. నిలబడే ఉన్నారు. పెద్దాడు పొగగొట్టం పెట్టాడు. నా కూతురు చాక్లెట్ రాళ్లతో బాట వేసింది. అంతలో ఆయన ఫోను మోగింది.

కప్పు కంగారేమీ పడలేదు. ఒక పక్కకి మెల్లగా జారింది. పొగగొట్టం దాంతో వెళ్లింది. తర్వాత ముందు గోడ వంగి దండం పెట్టింది. చివరికి జామ్ సీసాలు నాలుగూ మధ్యలో ఏమీ లేని చోటుకి కాపలాగా నిలబడ్డాయి.

"నాన్నే కదా పట్టుకుంది" అంది నా కూతురు.

"ఐసింగ్ పల్చగా కలిపింది మీ అమ్మ" అన్నారు ఆయన, ఫోను చెవి దగ్గరే ఉంచుకుని.

విచారణ జరిగింది. ఐసింగ్ చిక్కగానే ఉంది. వెనక గోడకి మాత్రం అసలు లేదు. పొడుగునా, కింది నుంచి పైదాకా, వేలితో గీసినట్టు శుభ్రంగా ఉంది. చిన్నాడు పారిపోలేదు. "అక్కడ ఎక్కువైంది" అన్నాడు.

శిథిలాల చుట్టూ ముగ్గురూ కేకలు పెడుతూ గంతులు మొదలుపెట్టారు. "ఇంత చక్కెర పోస్తే ఎగరక ఏం చేస్తారు" అన్నారు ఆయన, అంతా నేనే పోసినట్టు. చక్కెరకి, పిల్లల గంతులకి సంబంధం లేదని 1995లోనే అమెరికా వైద్య సంఘం పత్రికలో వచ్చింది. అంతవరకు జరిగిన ప్రయోగాల్లో చాలావాటిని కలిపి చూసి తేల్చారు. దానికి ముందు 1994లో ఇంకో ప్రయోగం చేశారు. కొందరు తల్లులకు, మీ అబ్బాయికి చక్కెర ఇచ్చాం అని చెప్పారు, నిజానికి ఇచ్చింది చక్కెర లేని తీపి. ఆ తల్లులు తమ పిల్లలు మరీ ఎగురుతున్నారని చెప్పారట. పైగా వాళ్లని వదలకుండా అంటిపెట్టుకుని, తప్పులు పడుతూ కూర్చున్నారట. ఇదంతా మా ఆయనకి వినిపించాను. ఆయన కాసేపు పిల్లల్ని చూసి, "అంటే వీళ్లు మామూలుగానే ఇంతా?" అన్నారు. నేను ఆ కోణంలో ఆలోచించలేదు.

పక్కన పెట్టిన ముద్ద చాక్లెట్‌లో వేడి పాలు పోసి సాస్ చేశాను. ఇంటిని గోడలు, కప్పు, పొగగొట్టం సహా అందులో వేసి తలా ఒక చెంచా ఇచ్చాను. ఆ రోజు చేసినవాటిలో ఒక్కరూ వంక పెట్టకుండా తిన్నది అదే. చెంచాలు తుడిచి మరీ ఇచ్చింది నా కూతురు.

బతికి బట్టకట్టిన రెయిన్‌డీర్లని, ఉండల్ని ఒక డబ్బాలో సర్ది ఎదురింటావిడకి ఇద్దామని ముగ్గుర్నీ వెంటబెట్టుకుని వెళ్లాను. ఆవిడ ఎంతో సంతోషపడ్డారు. ఆకుపచ్చ ముక్కు ఉన్నదాన్ని తీసుకోబోతుంటే నా కూతురు ఆపింది.

"అది వద్దు ఆంటీ, దాన్ని అన్నయ్య నాకాడు. ఇది తీసుకోండి, దీన్ని ఎవరూ నాకలేదు."

ఆవిడ నవ్వు అలాగే ఉంచుకుని, చూపించినది తీసుకుని, పిల్లల ముందు కాదనలేక ఓ ముక్క కొరికారు.

"నేను నాకాను" అన్నాడు చిన్నాడు.