జనం సొమ్ముతో పాఠం, జనానికే తాళం

టెన్త్ మెటీరియల్ గొడవ ఏమిటో శ్రీకాకుళం జిల్లాలో బడికెళ్లే పిల్లలున్న ప్రతి ఇంటికీ తెలుసు. చదువులో వెనకబడిన పిల్లలు గట్టెక్కాలని టీచర్లు కూర్చుని తయారుచేసిన పాఠాలు వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంటే, అది విద్యాశాఖ సొత్తు, అనుమతి లేకుండా ఎవరికీ పంపకూడదు, తీసేయండి అని పైనుంచి మాట వచ్చింది. కాగితం మీద కూడా కాదు, ఫోన్లో. టీచర్లు భయపడి తీసేశారు. అదే మెటీరియల్ ఇప్పుడు శ్రీకాకుళం బస్ కాంప్లెక్స్ దగ్గర కొత్త అట్టతో, స్పైరల్ బైండింగుతో అమ్ముడుపోతోంది. రాసిన టీచర్ల పేర్లు ఎగిరిపోయాయి, వెనక అట్ట మీద ‘సర్వహక్కులు ప్రచురణకర్తవే’ అన్న ముక్క మాత్రం చేరింది. దాన్ని అడిగిన నాథుడు లేడు.

శాఖ సొత్తట! ఆ శాఖకి డబ్బు ఎక్కడిది? పలాసలో జీడిపిక్కలు ఒలిచి బతికే ఆడమనిషి కొనే సబ్బు మీద పన్ను నుంచి కూడా వచ్చింది. ఆమె సొమ్ముతో పాఠం రాయించి, అది ఆమె ఫోన్‌కి చేరకుండా ఆపి, షాపులో మళ్లీ డబ్బు పెట్టి కొనుక్కోమంటున్నారు. ఇంతకంటే మొహమాటం లేని ద్వంద్వనీతి ఈ మధ్య కాలంలో మేం చూడలేదు.

చట్టం చూపిస్తారేమో, చూద్దాం. ప్రభుత్వం రాయించినదానికి హక్కుదారు ప్రభుత్వమేనని 1957 కాపీరైట్ చట్టం అంటుంది, అచ్చయిన ఏడాది గడిచాక 60 ఏళ్లపాటు ఆ హక్కు ఉంటుంది. అంటే 2020లో అచ్చయిన పాఠం 2081 జనవరి 1న గానీ అందరిదీ కాదు, ఆ ఏడు ఒకటో తరగతిలో చేరిన పాప అప్పటికి మనవల్ని బడికి పంపుతుంటుంది. అయితే అదే చట్టం, టీచరు గానీ విద్యార్థి గానీ బోధనలో భాగంగా కాపీ తీసుకోవచ్చని 52వ సెక్షన్‌లో చెప్పింది, ఢిల్లీ యూనివర్సిటీ జిరాక్స్ షాపు కేసులో 2016 సెప్టెంబరులో హైకోర్టు కూడా ఆ సెక్షన్ వైపే నిలిచింది. హక్కు ఉన్నవాడు తలుపు తెరిచి పెట్టడానికి ఖర్చేమీ లేదు. హక్కుదారే ముందుగా అందరికీ అనుమతి ఇచ్చేసే క్రియేటివ్ కామన్స్ లైసెన్సులు 2002 నుంచీ ఉన్నాయి. వాటిలో ‘బై ఎస్‌ఏ’ అనే రకం తీసుకుంటే షరతులు చాలా మామూలువి. రాసినవాళ్ల పేరు చెప్పండి, కావాలంటే మార్చుకోండి, పంచుకోండి, మీరు మార్చినదాన్ని కూడా ఇదే షరతు మీద వదలండి, అంతే. తెలుగు వికీపీడియా నడుస్తున్నది దీని మీదే. కాకినాడ పల్లంరాజు గారు కేంద్రంలో విద్యాశాఖ చూస్తున్న రోజుల్లో, 2013లో, కేంద్ర పాఠ్యపుస్తకాల సంస్థ ఎన్‌సీఈఆర్టీ వారి ఆన్‌లైన్ పాఠాల భాండాగారం ఎన్‌ఆర్‌ఓఈఆర్ మొదలైంది కూడా ఇదే లైసెన్సుతో. ప్రభుత్వ డబ్బుతో తయారైన పాఠాలు తెరిచి పెట్టాలని 2019 నవంబరులో యునెస్కో సిఫారసు చేస్తే మనమూ అందులో సభ్యులమే. ఢిల్లీ మీటింగుల్లో ఓపెన్, మండలం దాకా వచ్చేసరికి డిలీట్.

తెరిచి పెడితే గైడ్ల వాళ్లు బాగుపడతారు, ఎవరు పడితే వాళ్లు మార్చి తప్పులు దూరుస్తారు అని అధికారులు అంటున్నారు, ఆ భయంలో కొంత నిజం లేకపోలేదు. కానీ గైడ్ల వాళ్లు ఇప్పుడు బాగుపడటం లేదా? ఈ నిషేధం పట్టింది ఒక్క టీచర్లకే. బై ఎస్‌ఏ ఉండి ఉంటే ఆ స్పైరల్ పుస్తకం అమ్మేవాడు టీచర్ల పేర్లు తీసేసే వీలుండేది కాదు, ‘సర్వహక్కులు’ అని వేసుకునే వీలు అసలే ఉండేది కాదు. అమ్ముకోనీయండి, పక్క షాపువాడూ అదే వేసి పేజీ ఖర్చుకే ఇస్తాడు. వ్యాపారానికి వాడకూడదు అన్న షరతు పెడదామని కొందరు మంచి మనసుతోనే అంటున్నారు, మాకది నచ్చలేదు. మన పల్లెల్లో పాఠం కాగితం మీదికి వచ్చేదే జిరాక్స్ షాపులో. పేజీకి రెండు రూపాయలు తీసుకుంటే అది వ్యాపారమా కాదా అని ఆ కుర్రాడికి టెన్షన్ ఎందుకు?

మార్చడం అంటే ఏమిటో ఒక్క ముక్క చెబుతాం, ఎందుకంటే దాన్నే తప్పు అంటున్నారు. తొలగించిన మెటీరియల్‌లో ఒక శాతాల లెక్క ఉంది. అసలు లెక్క షేర్లూ డివిడెండ్ల మీద. ఉద్దానం వైపు పనిచేసే టీచరు ఒకరు దాన్ని 80 కిలోల జీడిపిక్కల బస్తాగా మార్చారు. ఒలిస్తే పప్పు ఎంత వస్తుంది, తరుగు ఎంత, దళారి కోత ఎంత. ఆ లెక్క అక్కడి పిల్లలకి ఇంట్లో రోజూ వినపడేదే, పెన్ను తీసి చేసేస్తారు. విజయనగరంలో ఇంకొకరు దాన్నే జనపనార మీదికి మార్చుకోవచ్చు. అలా మార్చుకోనిచ్చే కాగితం లేదు కాబట్టే అది ఇప్పుడు నేరం లెక్కన కనిపిస్తోంది.

లైసెన్సు ముక్క ఒకటి వేసి పీడీఎఫ్ పడేస్తే సరిపోదని కూడా ఇక్కడే చెప్పాలి. మన పాఠాలు చాలావరకు పేజ్‌మేకర్‌లో, అను అనే పాతకాలం ఫాంట్లలో కొట్టినవే. ఆ పీడీఎఫ్ నుంచి ఒక వాక్యం కాపీ చేసి ఫోన్లో పేస్ట్ చేసి చూడండి, ఇంగ్లిషు అక్షరాలూ చుక్కలూ కలగాపులగంగా వస్తాయి. అంటే మళ్లీ మొదటి నుంచీ టైపు కొట్టుకోవాలి, డీటీపీ వాడికి డబ్బులు ఇవ్వాలి. ఏ ఫోన్లోనైనా తెలుగు తెలుగులాగే వచ్చే యూనికోడ్‌లో, మార్చుకోగలిగే ఫైలు ఇవ్వాలి. ఇవ్వకపోతే అది తెరిచిన తలుపు కాదు, తలుపు బొమ్మ.

ఇక సవరలు ఉండే సీతంపేట కొండల సంగతి. 2004 ప్రాంతంలో ఉమ్మడి రాష్ట్రంలో ఎనిమిది గిరిజన భాషల్లో వాచకాలు తయారుచేశారు, సవర వాటిలో ఒకటి. ప్రభుత్వం దగ్గర ఫైళ్లు ఉంటే ఉండొచ్చు, ఏ సవర వలంటీరూ వాటిని తీసుకుని రెండు కథలు చేర్చి మళ్లీ అచ్చేసుకునే హక్కు మాత్రం ఇవ్వలేదు. వంశధార ఒడ్డున పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి గారు సవర నేర్చుకుని, ఆ పిల్లల కోసం పుస్తకాలు రాసి, సొంత డబ్బు పోసి బడులు పెట్టారు. రాసిన మనిషి పోయిన కొన్నేళ్లకి ఆ రాతల మీద హక్కు తీరిపోతుంది, ఆయన 1940లో పోయారు కాబట్టి అప్పట్లో అచ్చయిన ఆయన రాతలు ఎప్పుడో అందరివీ అయ్యాయి. నూరేళ్ల కిందటి సవర పుస్తకం ఎవరైనా తీసుకోవచ్చు, ఇరవై ఏళ్ల కిందటి సర్కారు సవర వాచకం ముట్టుకోకూడదు! ఇదండీ మన పాలన.

ఈ ఫోన్ ఆర్డరుకి తలవంచితే రేపు ప్రశ్నపత్రం విశ్లేషణ, ఎల్లుండి టీచరు యూట్యూబులో చెప్పిన పాఠం, అన్నీ ‘శాఖ సొత్తే’ అవుతాయి. ఇవాళ నోరు మూసుకున్న సంఘాలు అప్పుడు ధర్నాలు చేసి లాభం లేదు. జిల్లా విద్యాశాఖ ఆ మాట వెనక్కి తీసుకోవాలి, రాష్ట్ర పాఠ్యపుస్తకాలు తయారుచేసే ఎస్‌సీఈఆర్టీ తన పాఠాలన్నిటికీ బై ఎస్‌ఏ ప్రకటించి మూల ఫైళ్లు పెట్టాలి. దీనికి కమిటీ అక్కర్లేదు, ఒక జీవో చాలు. అది తేలకుండా ఆగస్టు 29న, జయంతి నాడు, గిడుగు విగ్రహానికి దండ వేసి, మాతృభాషలో చదువు గురించి మైకు ముందు ఉపన్యాసం ఇవ్వడానికి మాత్రం దయచేసి రాకండి.